చదరంగం ఆడేవాళ్లకు ఫిషర్ సినిమా ఎందుకు మింగుడుపడదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరూ, పదేళ్ల మీ అబ్బాయీ కలిసి అమెరికా చదరంగం చాంపియన్ బాబీ ఫిషర్ జీవితం మీద వచ్చిన ‘పాన్ శాక్రిఫైస్’ చూశారు. ఇద్దరికీ బాగా నచ్చింది. మరునాడు టోర్నమెంట్లు ఆడే మీ స్నేహితుడితో ఆ మాట అంటే, ఆయన ముఖం చిట్లించి ‘అందులో చదరంగం ఎక్కడుంది?’ అని కొట్టిపారేశారు. అంత మంచి సినిమా మీద చెస్ ఆటగాళ్లకు ఎందుకంత కోపం, అందులో నిజమెంత, మీ అబ్బాయికి మళ్లీ చూపించవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. చూపించండి. కానీ సినిమాకు ముందో వెనకో, అందులో శిఖరంగా చూపించిన 1972 పోటీలోని ఆరో గేమ్‌ను బోర్డు మీద పేర్చి ఆడించండి. ఇక మీ స్నేహితుడి కోపం సంగతి. ఆయన కోపం బోర్డు మీద పావులు ఎక్కడ పెట్టారన్న దాని గురించి మాత్రమే అని అనుకోకండి. ఆటగాళ్లను నిజంగా బాధపెట్టేది వేరే ఉంది. ఫిషర్‌కు ఆ ప్రతిభ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు సినిమా చెప్పే జవాబు తప్పు. అతని మనసులోని కల్లోలాన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. అతని చాకిరీని చూపించలేదు.

నేను గుంటూరులో 26 ఏళ్లుగా పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను, టోర్నమెంట్లకు ఆర్బిటర్‌గా (న్యాయనిర్ణేతగా) కూడా వెళ్తుంటాను. ఈ సినిమాను మూడుసార్లు చూశాను. రెండుసార్లు శిష్యులతో, ఒకసారి మా క్లబ్బులోని పెద్దలతో. చూసిన ప్రతిసారీ గదిలో వచ్చిన స్పందన వేరుగా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఎడ్వర్డ్ జ్విక్ దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని 2014లో టొరంటో చిత్రోత్సవంలో మొదట ప్రదర్శించారు. మరుసటి ఏడాది అమెరికా థియేటర్లలో విడుదలైంది. ఫిషర్‌గా టోబీ మగ్వైర్, అప్పటి ప్రపంచ చాంపియన్, సోవియట్ ఆటగాడు బోరిస్ స్పాస్కీగా లీవ్ ష్రైబర్ నటించారు. 1972లో ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ దీని కథావస్తువు. పేరుకు అర్థం ‘బంటు బలి’. అమెరికా, సోవియట్ యూనియన్ల పంతాల మధ్య ఆటగాళ్లు బంట్లయ్యారని దర్శకుడి భావం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మిగతా ఆటల అభిమానులకు లేని ఒక సదుపాయం చదరంగం అభిమానులకు ఉంది. 1983 ప్రపంచకప్ ఫైనల్ స్కోరు మనందరికీ నోటికి వచ్చు. కానీ ఆ మ్యాచ్‌ను మన పెరట్లో మళ్లీ ఆడలేం. చదరంగం అలా కాదు. 1972 జులై 23న రెయిక్యావిక్‌లో పడిన 41 ఎత్తులూ ఒక్కటి కూడా పొల్లుపోకుండా కాగితం మీద ఉన్నాయి. ఎవరైనా సరే, బోర్డు ముందు కూర్చుని ఫిషర్ కదిపిన పావును ఫిషర్ పెట్టిన గడిలోనే తన చేత్తో పెట్టవచ్చు. నేనా గేమ్‌ను ఎన్ని వందలసార్లు ఆడి ఉంటానో లెక్క లేదు. మీ స్నేహితుడూ అంతే అయి ఉంటారు.

మన ఊళ్లలో పద్యనాటకం చూసే పెద్దవాళ్లను గుర్తు తెచ్చుకోండి. రాయబారం పద్యాలు వాళ్లకు కంఠతా వచ్చు. నటుడు రాగం బాగా తీసి పద్యంలో ఒక పాదం మింగేస్తే వాళ్లు ఊరుకోరు. ‘రాగం సరే, పాదం ఏదయ్యా?’ అని ముందు వరుసలోంచే అడుగుతారు. అది తెలియని వాళ్లను హేళన చేయడం కాదు. వాళ్లు ఆ పద్యం కోసమే వచ్చారు, అది దక్కలేదు. ఫిషర్ సినిమాకు వెళ్లిన చదరంగం మనిషి పరిస్థితి సరిగ్గా అదే.

ఆ పాదం ఏమిటో చూపిస్తాను, ఎందుకంటే చూపించకపోతే నా మాట గాలిలో ఉంటుంది.

ఆరో గేమ్‌లో ఫిషర్‌వి తెల్ల పావులు. జీవితమంతా దాదాపు ప్రతి గేమ్‌నూ రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపి మొదలుపెట్టిన మనిషి, ఆ రోజు సి4 వేశాడు, అంటే వేరే బంటును కదిపాడు (గడికి నిలువు వరుస అక్షరం, అడ్డ వరుస అంకె కలిపి పేరు పెడతారు). హాలులో కూర్చున్న ఆటగాళ్లకు అదే పెద్ద వార్త. నాలుగు ఎత్తులయ్యేసరికి ఆట క్వీన్స్ గాంబిట్ అనే ప్రారంభ పద్ధతిగా మారింది. స్పాస్కీ అందులో తనకు బాగా నమ్మకమైన టార్టకోవర్ అనే రక్షణ పద్ధతిలోకి వెళ్లాడు. అంటే ఫిషర్ ప్రత్యర్థి ఇంట్లోకి వెళ్లి, ప్రత్యర్థి కుర్చీలో కూర్చుని ఆడాడన్నమాట.

31వ ఎత్తుకు ఫిషర్ బంటు ఒకటి ఇ6 గడిలోకి వచ్చి నిలబడుతుంది. అక్కడి నుంచి అది ముందుకు రాకుండా స్పాస్కీ తన రెండు ఏనుగులనూ అడ్డం పెట్టాడు. తెల్ల ఏనుగులు రెండూ ఎఫ్ వరుసలో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. అందువల్ల నల్ల మంత్రి వెనక వరుసను వదిలి కదలడానికి లేదు. ఇక చూడండి. 32వ ఎత్తులో మంత్రి ఇ8కి వెళ్తుంది. 33లో డి8కి వస్తుంది. 34లో మళ్లీ ఇ8. 35లో మళ్లీ డి8. 36లో మళ్లీ ఇ8. ప్రపంచ చాంపియన్, బోర్డు మీద అన్నిటికన్నా బలమైన పావు, రెండు గళ్ల మధ్య అటూ ఇటూ తిరగడం తప్ప చేయగలిగింది లేదు.

ఆ ఐదు ఎత్తుల్లో ఫిషర్ ఏం చేశాడో తెలుసా? కంగారేమీ పడలేదు. ఓ మూల బంటును ముందుకు జరిపాడు. వెనక ఏనుగును ఒక గడి ముందుకు జరిపాడు. మళ్లీ ఇంకో గడి జరిపాడు. బిషప్‌ను వెనక్కు తెచ్చుకున్నాడు. గొళ్లెం పెట్టిన తర్వాత తలుపు గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసినట్టు. 38వ ఎత్తులో ఏనుగునిచ్చి గుర్రాన్ని తీశాడు. 41వ ఎత్తు తర్వాత స్పాస్కీ ఓటమి ఒప్పుకున్నాడు. ఆట కట్టయ్యేవరకు కూడా ఆగనక్కరలేకపోయింది. హాలులో జనం చప్పట్లు కొట్టారు, స్పాస్కీ కూడా వాళ్లతో కలిసి చప్పట్లు కొట్టాడు.

చప్పట్లు సినిమాలో ఉన్నాయి. అవి దేనికి కొట్టారో అది లేదు. డి8, ఇ8, డి8, ఇ8. ఆ నిశ్శబ్దంలో ఉన్న భయం, ఏ ఛేజింగ్ సన్నివేశంలోనూ ఉండదు. పావుల మీద కెమెరాను ఒక్క నిమిషం నిలిపి, పక్కన ఒక పాత్ర చేత ‘మంత్రికి దారి లేదు’ అని చెప్పిస్తే చాలు, ఆట రానివాళ్లకూ గొంతు తడారిపోయేది. ఆ అవకాశం చేతిలో ఉండి వదిలేశారు కదా అన్నదే మా బాధ.

సినిమా తీసేవారి ఇబ్బంది నాకు తెలియక కాదు. రెండు గంటల లోపు చిత్రంలో ఆటను అక్షరం అక్షరం చూపించలేరు. బోర్డు ఎదుట గంటలకొద్దీ కదలకుండా కూర్చున్న ఇద్దరు మనుషులను చూపిస్తూ జనాన్ని కూర్చోబెట్టడం కష్టం. అయినా ఇక్కడ ష్రైబర్‌ను మెచ్చుకోవాలి. స్పాస్కీ కూర్చునే తీరు, లేచి నిలబడే తీరు, ఓడిపోతున్నప్పుడు ముఖంలో వచ్చే మార్పు, రష్యన్‌లో మాట్లాడినప్పుడు ఆ నిదానం, అన్నీ చక్కగా కుదిరాయి. సినిమా నచ్చని ఆటగాళ్లు కూడా ఆయన నటనను మాత్రం ఏమీ అనరు.

మగ్వైర్ విషయంలో ఒక ఫిర్యాదు తరచూ వింటాను. ఫిషర్ ఆరడుగులు దాటిన మనిషి, మగ్వైర్ అంత ఎత్తు లేడు. మీకిది చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ పాత ఫోటోలు చూడండి. ఫిషర్ బోర్డు మీదికి వంగితే ఎదుటివాడి వైపు సగం దాకా వచ్చేవాడు. ఆ పొడుగాటి చేతులు, పావును వేళ్లతో ఎత్తి గడిలో దించే తీరు, ఇవి కూడా ఆటలో భాగమే. మగ్వైర్ నటనలో ఆవేశం బాగా పలికింది, ఆ ఆకారం పలకలేదు.

ఇక నిజానిజాలు. ఫిషర్ తల్లి రెజీనా మీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిఘా పెట్టిన మాట నిజం. కెమెరాల చప్పుడు మీద ఫిషర్ గొడవ చేసిన మాట నిజం. మొదటి గేమ్ ఓడిపోయి, రెండో గేమ్‌కు రాకుండా కూర్చుని, 0-2తో వెనకబడిన మాట నిజం. మూడో గేమ్‌ను ప్రేక్షకులకు దూరంగా వెనక గదిలో ఆడిన మాట నిజం. అమెరికా అధ్యక్షుడి సలహాదారు హెన్రీ కిసింజర్ ఫిషర్‌కు ఫోను చేసిన మాటా నిజమే. వీటిలో కల్పన ఏదీ లేదు.

కాలక్రమాన్ని మాత్రం చాలాచోట్ల అటూ ఇటూ చేశారు. కుర్చీ వ్యవహారమే తీసుకోండి. సోవియట్ బృందం హాలులో ఏదో ఎలక్ట్రానిక్ పరికరం ఉందేమోనని అనుమానపడి కుర్చీలను, దీపాలను పరీక్ష చేయించింది. కుర్చీలో ఏమీ దొరకలేదు, దీపాల దగ్గర చచ్చిన ఈగలు రెండు దొరికాయి. ఇదంతా ఆగస్టులో, పోటీ చివరి దశలో జరిగింది. సినిమా దాన్ని ముందుకు లాగి ఆరో గేమ్‌కు ముందే పెట్టేసింది. దీని వల్ల అర్థం మారిపోతుంది. అసలు జరిగినది, పోటీలో వెనకబడిపోయి దిక్కుతోచక ఒక బృందం చేసిన ఆరోపణ. సినిమాలో అది ఇద్దరు ఆటగాళ్లకూ మతి చలించినట్టు కనిపిస్తుంది.

ఇంకా పెద్ద తేడా ముగింపులో ఉంది. ఆరో గేమ్‌ను శిఖరంగా చూపించి సినిమా ముగింపుకు వచ్చేస్తుంది. కానీ ఆ గేమ్ అయ్యేసరికి స్కోరు ఫిషర్ వైపు 3.5-2.5 మాత్రమే (గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర పాయింటు). ఇంకా 15 గేమ్‌లు ఆడారు. ఫిషర్ 12.5-8.5తో గెలిచింది సెప్టెంబర్ 1న. మధ్యలో 11వ గేమ్‌లో స్పాస్కీ ఫిషర్ మంత్రినే పట్టేసి చిత్తుగా ఓడించాడు. 13వ గేమ్ నన్నడిగితే ఆరోదానికన్నా లోతైనది. 74 ఎత్తుల ఆట. ఫిషర్ తన చివరి ఏనుగును ఒక చోట బందీగా వదిలేసి, రాజుతోనూ బంట్లతోనూ నడుచుకుంటూ వెళ్లి గెలిచాడు. ఆ తర్వాత 14 నుంచి 20 వరకు వరుసగా ఏడు డ్రాలు. వెనకబడిన స్పాస్కీ ఆ ఏడు గేమ్‌లూ అలా పట్టువదలకుండా పోరాడుతూనే ఉన్నాడు. సినిమా చూసిన పిల్లలకు స్పాస్కీ ఆరో గేమ్‌తోనే కుప్పకూలిపోయాడనిపిస్తుంది. అది ఆయనకు జరిగిన అన్యాయం.

స్పాస్కీ గురించి మా తరానికి ఉన్న అభిమానం ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. మేము ఆట నేర్చుకున్నది సోవియట్ పుస్తకాల నుంచి. విశాలాంధ్ర పుస్తకాల దుకాణానికి వెళ్తే గట్టి అట్టతో, మంచి కాగితంతో ఉన్న చదరంగం పుస్తకం సినిమా టికెట్టు ధరకు దొరికేది. ఫిషర్ మాకు అద్భుతం. సోవియట్ ఆటగాళ్లు మాకు గురువులు. కాబట్టి వాళ్లను నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న గూఢచారుల మధ్య నడిచే యంత్రాల్లా చూపిస్తే మాకు గుచ్చుకుంటుంది.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవారు. 1972లో ఆయన కాలేజీ విద్యార్థి. ఒకటి రెండు రోజుల ఆలస్యంగా పేపర్లో వచ్చే ఎత్తులను కత్తిరించి నోటుబుక్కులో అతికించుకున్నారు. అప్పట్లో ఎత్తులు పాత పద్ధతిలో అచ్చయ్యేవి, సి4 అని కాకుండా ‘పి-క్యూబి4’ అని. ఆ నోటుబుక్కు అట్ట ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్కతో చుట్టి ఉంచారు. సినిమా చూస్తున్నప్పుడు ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మిగతావాళ్లం ప్రతి పది నిమిషాలకూ ‘ఇది తప్పు, అది తప్పు’ అంటున్నా ఆయన ఒక్క మాట అనలేదు. స్పాస్కీ లేచి చప్పట్లు కొట్టే చోట మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అయిపోయాక నేను ‘ఎలా ఉందండీ?’ అని అడిగితే, ‘ఇన్నేళ్లూ ఆ చప్పట్లు నేను ఊహించుకోవడమే గానీ చూడలేదు నాయనా’ అన్నారు. ఆ మాట విన్నాక సినిమా మీద నా కోపం సగం చల్లారిపోయింది. మీ స్నేహితుడికి కూడా ఇది చెప్పండి.

స్పాస్కీ మంచితనం చప్పట్లతో ఆగలేదు. 2-0తో ముందున్నప్పుడు నిబంధనలు పట్టుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటే, ఆయన చాంపియన్‌గానే మిగిలేవారు. ఉండిపోయి, ఫిషర్ కోరినట్టు వెనక గదిలో ఆడటానికి ఒప్పుకున్నారు. 32 ఏళ్ల తర్వాత, 2004లో ఫిషర్‌ను జపాన్‌లో నిర్బంధించినప్పుడు ఆయన అమెరికా అధ్యక్షుడికి లేఖ రాశారు. నన్ను కూడా అరెస్టు చేసి బాబీతో ఒకే గదిలో పెట్టండి, మాకొక చదరంగం బోర్డు ఇవ్వండి అని. ఈ ఇద్దరి మధ్య ఉన్న బంధం ఇది. 2025 ఫిబ్రవరిలో 88వ ఏట స్పాస్కీ కన్నుమూసినప్పుడు మా క్లబ్బులో ఆ రోజు ఎవరూ కొత్త గేమ్ మొదలుపెట్టలేదు. ఆరో గేమ్ పేర్చి అలా వదిలేశాం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఫిషర్ గెలిచింది పిచ్చి వల్ల కాదు, పని వల్ల. సినిమా ఈ విషయంలో పిల్లలకు తప్పు సందేశం ఇస్తుందని నా గట్టి అభిప్రాయం. ఫోను రిసీవర్లు విప్పి చూడటం, గోడలకు చెవులున్నాయని అనుమానించడం వంటి దృశ్యాలకు ఇచ్చిన నిడివిలో పదో వంతు అతను చదువుకోవడానికి ఇవ్వలేదు. ఫిషర్ సోవియట్ చదరంగ పత్రికలు చదవడానికి రష్యన్ నేర్చుకున్నాడు. స్పాస్కీ గేమ్‌లన్నీ ఉన్న ఎర్రట్ట పుస్తకాన్ని వెంట పెట్టుకుని తిరిగాడు. రెయిక్యావిక్‌కు ముందు ఈత, టెన్నిస్‌లతో ఒంటిని సిద్ధం చేసుకున్నాడు. ప్రపంచ చాంపియన్‌తో ఆడే అర్హత కోసం 1971లో జరిగిన పోటీల్లో తైమనోవ్‌ను 6-0తో, లార్సెన్‌ను 6-0తో ఓడించాడు. ఆ స్థాయిలో ఒక్క డ్రా కూడా ఇవ్వకుండా వరుసగా 12 గేమ్‌లు గెలవడం అంతకుముందు ఎవరూ కనీవినీ ఎరుగరు. తర్వాత పెట్రోసియన్‌ను 6.5-2.5తో ఓడించి స్పాస్కీ దాకా వచ్చాడు. సినిమా దీన్నంతా గబగబా దాటేస్తుంది.

ఇది ఎంత నష్టం చేస్తుందో నా కళ్లతో చూశాను. మొదటిసారి శిష్యులకు సినిమా చూపించిన నెల రోజులకు ఒక జిల్లా టోర్నమెంటులో నా దగ్గర నేర్చుకునే 11 ఏళ్ల కుర్రాడు ట్యూబులైటు గుర్రుమంటోందని ఫిర్యాదు చేశాడు. తర్వాత ఎదుటి పిల్లవాడు పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తున్నాడన్నాడు. బల్ల మార్చమన్నాడు. మార్చలేదని అలిగి వరండాలో నిలబడ్డాడు. లోపల వాడి గడియారం నడుస్తూనే ఉంది. సమయం అయిపోయి గేమ్ పోయింది. నేను పిలిచి అడిగితే, ‘ఫిషర్ కూడా ఇలాగే చేసి గెలిచాడు కదా సార్’ అన్నాడు.

తప్పు వాడిది కాదు, వివరించకుండా సినిమా చూపించిన నాది. ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. ‘ఫిషర్ అలిగి రాని గేమ్‌లో అతనికి వచ్చింది సున్నా. గెలిచింది మూడో గేమ్. అందులో 11వ ఎత్తు చూడు.’ ఆ ఎత్తులో ఫిషర్ తన గుర్రాన్ని బోర్డు అంచున ఉన్న హెచ్5 గడిలో పెట్టాడు. దాన్ని తెల్ల బిషప్ తీస్తే రాజు ముందున్న బంట్లు చెదిరిపోతాయి. మన దగ్గర ఏ పిల్లవాడైనా ఆ ఎత్తు వేస్తే కోచ్ తిడతాడు. కానీ బంట్లు చెదిరినా నల్ల పావులకు దారులు తెరుచుకుంటాయని ఫిషర్ చూశాడు. ఈ పోటీకి ముందు స్పాస్కీతో ఆడిన గేమ్‌లలో అతను మూడు ఓడిపోయి రెండు డ్రా చేశాడు తప్ప ఒక్కటీ గెలవలేదు. మొదటి గెలుపు అదే. అలక వల్ల వచ్చిన గెలుపు కాదది, ఆ గుర్రం వల్ల వచ్చింది. ఆ కుర్రాడు చాలాసేపు బోర్డు వంక చూసి, ‘సార్, ఇది సినిమాలో ఎందుకు లేదు?’ అని అడిగాడు. నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

ఇంకొక మాట. ఫిషర్ తర్వాతి జీవితం విషాదం. 1975లో బిరుదు నిలబెట్టుకోవడానికి ఆడలేదు, అది సోవియట్ ఆటగాడు కార్పోవ్‌కు వెళ్లింది. 20 ఏళ్లు కనిపించకుండా ఉండి, 1992లో యుగోస్లావియాలో స్పాస్కీతో మళ్లీ ఆడాడు. యూదుల మీద ద్వేషంతో నిండిన మాటలు మాట్లాడాడు. 2008 జనవరిలో ఐస్‌లాండ్‌లో 64వ ఏట చనిపోయాడు. అభిమానుల్లో కొందరు ఈ భాగాన్ని సినిమా చూపించినందుకే కోపగించుకుంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. ఆ మాటలు అతను అన్నాడు, దాచిపెట్టడం తప్పు. కానీ ఆ మాటలకూ ఆరో గేమ్‌కూ ఒకే మూలం ఉన్నట్టు చూపించడం కూడా అంతే తప్పు.

మిగతా చదరంగం చిత్రాల విషయంలో అభిమానుల తీరు చూసినా ఇదే కనిపిస్తుంది. బోర్డు తప్పుగా పెట్టడం సినిమాల్లో సర్వసాధారణం. ఆటగాడి కుడిచేతి మూల గడి తెల్లగా ఉండాలి, చాలా సినిమాల్లో నల్లగా ఉంటుంది. దాన్ని పట్టుకుని నాలుగు రోజులు మాట్లాడుకుని మరిచిపోతాం. మనుషుల విషయంలో తప్పు జరిగితే మరిచిపోం. 2020లో వచ్చిన ‘ది క్వీన్స్ గాంబిట్’ సిరీస్ చదరంగం వాళ్లందరినీ మురిపించింది. మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ అంతటివాడు ఆటల విషయంలో సలహాలిచ్చాడు, పావులన్నీ సరైన గళ్లలో ఉన్నాయి. కానీ అందులోనే జార్జియాకు చెందిన నోనా గాప్రిందష్విలి ఎప్పుడూ మగవాళ్లతో ఆడలేదని ఒక మాట వస్తుంది. ఆమె అప్పటికే ఎందరో మగ ఆటగాళ్లతో ఆడింది. 1978లో ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందిన మొదటి మహిళ ఆమె. 80 ఏళ్ల వయసులో 2021లో ఆమె కోర్టుకు వెళ్లింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆ ఒక్క వాక్యం కోసం ఆమె పక్షాన నిలబడని ఆటగాణ్ణి నేను చూడలేదు.

దీనికి భిన్నంగా, ఉగాండా అమ్మాయి ఫియోనా ముటేసి మీద మీరా నాయర్ 2016లో తీసిన ‘క్వీన్ ఆఫ్ కాట్వే’ను మావాళ్లు ఎంతో ఇష్టపడ్డారు. అందులో లోతైన చదరంగం ఏమీ లేదు. కానీ ఒక పిల్ల రోజూ వచ్చి కూర్చుని, ఓడిపోయి, మళ్లీ వచ్చి నేర్చుకోవడం ఉంది. మాకు కావలసింది అదే. మీ అబ్బాయి వయసుకు ఫిషర్ సినిమా కన్నా ముందు చూపించవలసింది అది.

నా శిష్యులు ‘మన హంపి అక్క మీద సినిమా ఎప్పుడు వస్తుంది సార్?’ అని అడుగుతుంటారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. తండ్రి అశోక్ గారు ఉద్యోగం వదిలి కూతురికి శిక్షణ ఇచ్చారు. బిడ్డ పుట్టాక కొంతకాలం ఆటకు దూరంగా ఉండి, తిరిగి వచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది, 2024లో మళ్లీ గెలిచింది. ఎవరైనా ఆ సినిమా తీస్తే నాదొకటే కోరిక. చంటిబిడ్డ నిద్రపోయాక ఆమె బోర్డు తెరిచి కూర్చునే రాత్రులను చూపించండి. కప్పు ఎత్తే దృశ్యం ఎలాగూ ఉంటుంది.

చివరగా, మీ అబ్బాయితో ఏం చేయాలో చెబుతాను. సినిమాను మళ్లీ చూడబోయే ముందు రోజు సాయంత్రం, ఆరో గేమ్ ఎత్తులు తీసుకుని (ఎక్కడ వెతికినా దొరుకుతాయి) 32వ ఎత్తు వరకు మీరిద్దరూ కలిసి ఆడండి. మీరు తెల్ల పావులు కదపండి, నల్లవి వాడిని కదపమనండి. అక్కడ ఆపి, నల్ల మంత్రి మీద వాడి వేలు పెట్టించి, ‘ఇప్పుడు నువ్వు స్పాస్కీవి, దీన్ని ఎక్కడికి తీసుకెళ్తావు?’ అని అడగండి. జవాబు చెప్పేయకండి. గడి గడికీ వెతకనివ్వండి. ఒక అరగంట పట్టినా పట్టనివ్వండి. నా దగ్గర ఒక పాప కరెంటు పోయినా ఫోను వెలుతురులో వెతుకుతూనే ఉంది, వాళ్ల అమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడినా లేవలేదు. చివరికి మంత్రిని డి8లో పెట్టి, మళ్లీ ఇ8లోకి తెచ్చి, నా వైపు చూసి, ‘ఇంకెక్కడికీ లేదు సార్’ అంది.